మందు మింగకముందే మొండికేసిన వైరస్: ఎఫావిరెంజా, డొలుటెగ్రావిరా?

ఒక్క మాత్ర కూడా వేసుకోని మనిషిలో మందుకు లొంగని హెచ్‌ఐవీ ఎక్కడిది? తిరుపతిలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో పేరు రాయించుకున్న కొత్తవాళ్లకైనా ఈ అనుమానం రావచ్చు. సోకినప్పుడే మొండి వైరస్ వచ్చి ఉండొచ్చు. లేదా లోపలే పుట్టొచ్చు: ఒంట్లో రోజుకు వందల కోట్ల కొత్త వైరస్‌లు తయారవుతాయి, వాటిని నకలు తీసే ఎంజైమ్ తన తప్పులు తాను దిద్దుకోలేదు.

హెచ్‌ఐవీకి మొదట ఏ మందు మొదలుపెట్టాలన్నది ఇక్కడే తేలుతుంది. పాత మందుల కాంబినేషన్‌లోని ఎఫావిరెంజ్ ఆ నకలు తీసే ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది, దానికి ఇదే పెద్ద గండం. ఆ ఎంజైమ్‌లో కే103ఎన్ అనే ఒక్క జన్యు మార్పు చాలు, ఆ మందు దాదాపు పనికిరాదు. అదే కోవకు చెందిన నెవిరాపిన్ కూడా దాంతోపాటే పోతుంది. పైగా ఆ మార్పు వైరస్‌ని పెద్దగా బలహీనపరచదు, అందుకే ఏళ్లతరబడి అలాగే ఉండిపోగలదు. వైరస్ జన్యువుల్ని చదివే జీనోటైప్ టెస్టుతో ముందే పట్టొచ్చు కానీ ఖర్చెక్కువ. మామూలు పద్ధతిలో, ఒంట్లోని వైరస్‌లో 15-20 శాతం కన్నా తక్కువున్న రకాలు కనబడవు కూడా.

కొత్త మందు డొలుటెగ్రావిర్ దాడి చేసేది వైరస్‌లోని వేరే ఎంజైమ్ మీద. కే103ఎన్ దాన్నేమీ చేయలేదు. ఒకటీ అరా మార్పులకు అంత తేలిగ్గా లొంగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్నే మొదటి ఎంపికగా చెప్పింది. నా ఓటూ దీనికే.

డొలుటెగ్రావిర్‌తో బరువు పెరగొచ్చు, సరే. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే మాత్రం దాని 50 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. ఎఫావిరెంజ్‌తో ఆ తంటా లేదు. గర్భిణులకిచ్చే ఐరన్ మాత్ర పరగడుపున డొలుటెగ్రావిర్‌తో కలిపి వేసుకోకూడదు. అన్నం తిని రెండూ వేసుకోవచ్చు.