విండో వేరైతే చాలదు, ఎక్సెలే వేరుగా నడవాలి: చాలాకాలం వాడాక నా సమీక్ష

ప్రతి నెలా 14న జీఎస్‌టీఆర్-2బి (మన కొనుగోళ్ల మీద దొరికే పన్ను క్రెడిట్ జాబితా) వచ్చినప్పట్నుంచి 20న 3బి అనే నెలవారీ జీఎస్‌టీ రిటర్ను వేసేదాకా, విశాఖలో లెక్కలు చూసే ఆఫీసుల్లో ఎక్సెల్ మూసే పని ఉండదు. ద్వారకానగర్‌ ఆఫీసైనా, పోర్టు దగ్గర క్లియరింగ్ ఏజెంటు గదైనా స్క్రీన్ మీద కనిపించేవి అవే. ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్లోంచి తీసిన కొనుగోళ్ల రిజిస్టరు, పోర్టల్ నుంచి దించుకున్న 2బి, ఆ రెంటినీ సరిపోల్చే, సగం చేసి ఇంకా సేవ్ చెయ్యని రికన్సిలియేషన్ షీటు. ఒకటి బిగుసుకుపోయిందంటే మిగతా రెండూ దాంతోపాటే పోతాయి.

2010 వెర్షన్ దాకా ఫైళ్లన్నీ ఒకే పెద్ద విండోలో ఉండేవి. 2013 నుంచి ఫైలుకో విండో వచ్చింది. దాంతో వేటికవే వేరుగా నడుస్తున్నాయని చాలామంది అనుకుంటారు. రెండు మానిటర్ల మీద పెట్టుకోవచ్చు, నిజమే. లోపల నడిచే ప్రోగ్రాం మాత్రం ఒక్కటే. కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ నొక్కి, టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ చూస్తే ఎక్సెల్ పేరు ఒక్క వరుసలోనే ఉంటుంది.

నిజంగా విడగొట్టాలంటే టాస్క్‌బార్‌లోని ఎక్సెల్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి, ఆల్ట్ నొక్కిపెట్టి, వచ్చిన జాబితాలో ఎక్సెల్ పేరు మీద క్లిక్ చెయ్యాలి. కొత్త ఇన్‌స్టాన్స్ (అంటే విడిగా నడిచే మరో ఎక్సెల్) మొదలుపెట్టాలా అని అడిగేదాకా ఆల్ట్ మీంచి వేలు తియ్యకూడదు. తొందరపడి తీస్తే మామూలు విండోనే వస్తుంది. అది అడిగాక యెస్ కొట్టండి. ఇంకో దారి: విండోస్ ఆర్ నొక్కి, ఎక్సెల్ అని ఇంగ్లీషులో టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, స్లాష్, దాని పక్కనే ఎక్స్ అక్షరం కొట్టి ఎంటర్. నేను రోజూ వాడేది ఇదే, పొరపాటుకు తావుండదు. తర్వాత ఫైలును ఆ కొత్త విండోలోంచే కంట్రోల్ ఓ తో తెరవాలి. ఫోల్డర్లో డబుల్ క్లిక్ చేస్తే అది ఏ ఎక్సెల్‌లోకి వెళ్తుందో మన చేతిలో ఉండదు.

దీనివల్ల నాకు ఎక్కువ మేలు జరిగింది బిగుసుకుపోవడం విషయంలో కాదు, అన్‌డూ విషయంలో. ఒకే ఇన్‌స్టాన్స్‌లో ఉన్న ఫైళ్లన్నిటికీ అన్‌డూ జాబితా ఒకటే. రిజిస్టర్లో తప్పు కొట్టి కంట్రోల్ జెడ్ నాలుగుసార్లు నొక్కితే, రెండోసారికే 2బి ఫైలు ముందుకొచ్చి అందులో దిద్దినది వెనక్కి పోతుంది. చూసుకోకుండా సేవ్ చేస్తే ఆ తేడా ఎక్కడిదో పట్టుకోవడానికి పూట పడుతుంది. ఏదో ఒక ఫైల్లో మాక్రో (పనుల వరుసను తనే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాం) నడిపినా అన్నిటి అన్‌డూ తుడిచిపెట్టుకుపోతుంది. క్యాలిక్యులేషన్ మాన్యువలా ఆటోమేటిక్కా అన్నది కూడా మొదట తెరిచిన ఫైలును బట్టే అన్నిటికీ పడుతుంది. విడిగా నడిపితే ఈ మూడు బాధలూ ఉండవు.

కానీ ఇబ్బందులూ ఉన్నాయి. ఒక ఎక్సెల్‌లో కాపీ చేసి ఇంకోదాంట్లో పేస్ట్ చేస్తే ఫార్ములాలు రావు, విలువలే వస్తాయి. వేరే పట్టికలోంచి విలువ వెతికి తెచ్చే వీలుకప్ ఫార్ములా రాస్తూ అవతలి ఫైల్లో క్లిక్ చేసి రేంజి పట్టుకోలేం. ఫైలు ఏ డ్రైవులో, ఏ ఫోల్డర్లో ఉందో చెప్పే పూర్తి పాత్ చేత్తో రాసి లింకు ఇచ్చినా, అది చదివేది డిస్కు మీద చివరిసారి సేవ్ అయిన అంకెనే. పక్క విండోలో ఇప్పుడే దిద్దిన అంకె దానికి తెలియదు. షీటును మూవ్ చేద్దామన్నా అవతలి ఫైలు పేరు జాబితాలో ఉండదు. తమ మాక్రోలు దాచుకునే పర్సనల్ మాక్రో బుక్ ఉన్నవాళ్లకు రెండో ఎక్సెల్ తెరవగానే అది లాక్ అయి ఉందని చెబుతుంది. రీడ్ ఓన్లీ ఎంచుకుంటే సరిపోతుంది.

అందుకని నా పద్ధతి ఇది. ఒకదాన్నొకటి చూసుకునే రిజిస్టరు, 2బి, రికన్సిలియేషన్ ఒకే ఎక్సెల్‌లో ఉంచుతాను. వాటితో సంబంధం లేని జీతాల షీటు, కంటైనర్ల జాబితా, మాక్రోలున్న బరువైన ఫైలు వేరే ఎక్సెల్‌లో తెరుస్తాను. రెండు చాలు, మహా అయితే మూడు. ప్రతి ఇన్‌స్టాన్సూ మెమరీ విడిగా తింటుంది. 4 జీబీ ర్యామ్ మెషీన్లో మూడోది తెరిచేసరికి అన్నీ నత్తనడకే.

ఒకటి బిగుసుకుంటే టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసెస్ కింద ఎక్సెల్ పక్క బాణం నొక్కి, ఫైలు పేరు చూసుకుని మరీ ఎండ్ టాస్క్ కొట్టండి. కంగారులో మంచిదాన్ని చంపేస్తే ఇంత చేసీ లాభం లేదు.

తుపాను రోజుల్లో కరెంటు ఠక్కున పోయినప్పుడు మాత్రం ఎన్ని విడగొట్టినా ఒకటే. అక్కడ కాపాడేవి యూపీఎస్, కంట్రోల్ ఎస్. కొత్త ఎక్సెల్‌లో ఖాళీ షీటు మీదే పని చేసేట్టయితే ముందు ఎఫ్12 నొక్కి పేరు పెట్టేయండి. ఆప్షన్స్‌లో సేవ్ కింద ఆటోరికవర్ (ఎక్సెల్ తనంతట తాను కాపీ దాచే ఏర్పాటు) 10 నిమిషాలని ఉంటుంది, దాన్ని 5 చేసుకోండి. మరీ 1 చేస్తే పెద్ద ఫైళ్లు ప్రతి నిమిషం ఆగుతుంటాయి. దాని కిందే, సేవ్ చెయ్యకుండా మూసినా చివరి కాపీ ఉంచమనే టిక్కు ఉంటుంది, అది తీసెయ్యకండి. ఇంకా పేరు పెట్టని ఫైలుకు పొరపాటున డోంట్ సేవ్ కొడితే ఫైల్, ఇన్ఫో, మేనేజ్ వర్క్‌బుక్‌లోకి వెళ్లి రికవర్ అన్‌సేవ్డ్ వర్క్‌బుక్స్ చూడండి. దొరికినదాన్ని వెంటనే వేరే పేరుతో సేవ్ చేసుకోవాలి, అక్కడ అది ఎల్లకాలం ఉండదు.