వానకు ముందా, వాన వెలిసాకా: చెరువులో గాలానికి ఏది మేలు?

మిరుగు కార్తె దగ్గరపడ్డదంటే నన్ను అడిగేది ఒకటే ప్రశ్న: "అన్నా, గాలం వానకు ముందు వెయ్యాల్నా, వెలిసినంక వెయ్యాల్నా?" ములుగు వాళ్లు అడిగారు, పరకాల వాళ్లు అడిగారు, పోయిన వారం మా బామ్మర్ది కూడా అడిగాడు. చేప రెండు వేళల్లోనూ పడుతుంది. ఒక్కటే ఎంచుకోమంటే మాత్రం వాన వెలిసాకే అంటాను, అదీ మూడో రోజు.

ముందు వానకు ముందరి సంగతి. గాలి ఆగి, ఉక్కపోసి, మబ్బు కమ్మిన సాయంత్రం కట్ట మీద నిలబడితే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తూ కనిపిస్తాయి. ఆకలి మీద ఉన్నాయనుకుంటాం. చాలాసార్లు అవి ఊపిరాడక పైకొచ్చినవి. నీళ్లు వేడెక్కిన కొద్దీ కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా పట్టే నీళ్లు 30 డిగ్రీలకు 7.5 దాకానే పట్టుకుంటాయి. మబ్బు పట్టిన రోజు నీళ్లలోని నాచు కూడా ప్రాణవాయువును సరిగా ఇవ్వలేదు, గాలి లేదు కనుక నీళ్లలో ప్రాణవాయువును కలిపే అలలూ ఉండవు. అట్లాంటి పూట రవ్వ, బొచ్చె లాంటి చేపల ముందు ఎంత మంచి పిండి ముద్ద వేసినా ముట్టడం కష్టం.

కొర్రమీను లెక్క వేరు. పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకునే చేప కాబట్టి దానికి ఈ ఇబ్బంది లేదు. కంటితో చూసి వేటాడుతుంది కనుక వానకు ముందుండే తేట నీళ్లు దానికి కలిసొస్తాయి. తామరాకుల సందుల్లో, తుంగ అంచున బతికున్న చిన్న చేపను ఎరగా వేసి ఓపిగ్గా నిలబడండి. కొర్రమీను కోసమే పోతుంటే వానకు ముందు సాయంత్రమే మేలు. కానీ ఎర్రటి పిల్లల గుంపు నీటి పైన కదులుతూ కనిపిస్తే అక్కడ దయచేసి గాలం వెయ్యకండి. ఆ గుంపు కింద పెద్ద చేపలు కాపలా ఉంటాయి. వాటిని లాగేస్తే పిల్లలన్నీ మిగతా చేపల పాలవుతాయి.

ఇక వాన వెలిసాక. నేను ఏళ్ల తరబడి ఆకాశాన్ని చూసే బయల్దేరాను. ఎండ కొట్టిందంటే గాలం పట్టుకుని పోవడం, ఉత్త చేతులతో రావడం. ఒకసారి మా చెరువు మీద వల వేసే పెద్దాయన పక్కన కూర్చుని, "మబ్బును జూసుడు గాదు బిడ్డా, నీళ్లను జూడు. ఇంక ఎర్రగనే ఉన్నయి" అన్నాడు. నాకు తెలిసినంతలో మొత్తం విద్య ఆ మాటలోనే ఉంది.

మొదటి రోజు వాగు ఎర్రచెలకల మట్టినంతా మోసుకొస్తుంది. కంటితో ఎర వెతుక్కునే చేపకు ఏమీ కనిపించదు. జెల్ల, మార్పు అనే చేపలు మాత్రం మీసాలతో వాసన పట్టి తింటాయి. కాబట్టి మొదటి రెండు రోజులు పోక తప్పదనుకుంటే ఎర్రలు (వానపాములు) గుచ్చి అడుగుకు వదలండి. మూడో రోజుకు బరువు మట్టి దిగిపోయి, సన్న మట్టి మాత్రమే తేలుతుంది. నీళ్లు చాయ్ రంగుకొస్తాయి, చల్లబడి ఉంటాయి. కొత్త నీళ్లతో కొట్టుకొచ్చిన పురుగూ పుట్రా చెరువులో ఉంటాయి. చేప తినడానికి తిరుగుతుంది, మన నీడ, దారం మాత్రం దానికి అంతగా కనిపించవు.

ఈ రంగును అంచనా వెయ్యడానికి చెయ్యి చాలు. మోచేతి దాకా ముంచండి. అరచేయి మసకగా కనిపిస్తే అదే అదను. మణికట్టు దాకా ముంచగానే వేళ్లు మాయమైతే ఇంకో రోజు ఆగండి. గోళ్లు కూడా స్పష్టంగా కనిపిస్తే సన్న దారం వేసి, ఒడ్డుకు దూరంగా విసరండి. ఊరి కుంటల్లో బర్రెలు దిగి కలుపుతాయి కనుక మూడు రోజులు వారం కావచ్చు. రామప్ప లాంటి పెద్ద చెరువుల్లో వాగు కలిసే వైపు ఎర్రగా ఉన్నా కట్ట వైపు తేటగా ఉంటుంది. ఆ రెండు నీళ్లు కలిసే గీత వెంట, తేట వైపు నుంచి గాలం వెయ్యండి. తౌడులో పల్లి చెక్క కలిపిన ముద్దకు రవ్వలు వచ్చేది అక్కడే. నాకు పోయిన ఏడు దొరికిన మంచి చేపలన్నీ ఆ గీత మీదివే.

వాన పడుతుండగా వేసేవాళ్లూ ఉన్నారు. ముసురులో పడొచ్చు, ఉరుము వినిపిస్తే మాత్రం గాలపు కర్ర కింద పెట్టి కట్ట దిగి చెరువుకు దూరంగా పోవాలి. ధర్మసాగర్ చెరువుకు దేవాదుల ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరి నీళ్లు వస్తాయి, వాన లేకున్నా మట్టం మారుతుంది కనుక అక్కడ రోజుల లెక్క పనికిరాదు, రంగు చూసుకోవాల్సిందే.

మత్తడి (చెరువు నిండి నీళ్లు పొర్లే అలుగు) దుంకుతుంటే దాని కింద ఎదురెక్కే చేపల్ని వదిలెయ్యండి, అవి గుడ్లతో పైకి పోతున్నవి. ఏ చెరువైనా ముందుగా మత్స్యకారుల సంఘం వాళ్లను అడిగి కూర్చోండి. పిల్ల చేపల్ని పోసి, వేసవంతా కాపాడుకున్నది వాళ్లు. మా చెరువులో అడిగినవాళ్లను ఇప్పటిదాకా ఎవరూ లేపలేదు.