అరిస్టాటిల్ ‘పాలిటిక్స్’ ఇప్పుడు కొనదగ్గదేనా?

నేను ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెబుతాను. పెంగ్విన్ క్లాసిక్స్ వాళ్ల ఇంగ్లిష్ ‘పాలిటిక్స్’ కొన్నాను. టి.ఎ. సింక్లెయిర్ అనువాదం, 1981లో ట్రెవర్ సాండర్స్ సవరించింది. అధ్యాయాల ముందు సాండర్స్ రాసిన పరిచయాలు కొత్తవాళ్లకు పెద్ద సాయం.

ముందు ఐదో భాగం తెరవండి. ప్రభుత్వాలు ఎందుకు కూలతాయో, నియంతలు ఎలా నిలబడతారో అందులో ఉంది. జనాన్ని పేదరికంలో, తీరికలేని పనిలో ఉంచడం, ఒకరినొకరు నమ్మకుండా చేయడం, వేగుల్ని పెట్టడం. ఈజిప్టు పిరమిడ్లు కట్టించడాన్ని కూడా జనాన్ని పేదగా, తీరికలేకుండా ఉంచే ఎత్తుగానే అరిస్టాటిల్ లెక్కవేస్తాడు. దాదాపు 2300 ఏళ్లైనా ఆ పేజీలు ఏమాత్రం పాతబడలేదు. నాలుగో భాగంలో ఇంకో మాట: పదవులకు చీటీలు తీయడం ప్రజాస్వామ్య పద్ధతి, ఓట్లతో ఎన్నుకోవడం కొద్దిమంది పాలన లక్షణం. దీనిమీద మా క్లాసులో గంటసేపు వాదన నడిచింది.

మొదటి భాగం మాత్రం నాకు మింగుడుపడదు. కొందరు పుట్టుకతోనే బానిసలట, స్త్రీ పురుషుడి ఏలుబడిలో ఉండాలట! ‘ఆ కాలం అలాంటిది’ అని నేను వదిలేయను. బానిసత్వం ప్రకృతి విరుద్ధమనేవాళ్లు అప్పుడే ఉన్నారని ఆయనే రాశాడు.

కొనండి. ఏడు, ఎనిమిది భాగాలు తర్వాత చదివినా ఫర్వాలేదు.