బరంపురంలో ఫిక్స్‌డ్ సైకిలు చేయించే షాపు: పని ఎలా ఉంది, ఎక్కడ జాగ్రత్తపడాలి

ఫిక్స్‌డ్ సైకిలంటే పోటీల ట్రాక్ మీద తొక్కే సైకిలు. ఈ ట్రాక్ సైకిలుకి బ్రేకులుండవు, గేర్లుండవు, తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే ఫ్రీవీలూ ఉండదు. వెనక చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి, వేగం తగ్గాలంటే కాళ్లతోనే అదిమి పట్టాలి. అలాంటి సైకిలు కోసం పాత ఇనుప ఫ్రేముల్ని మార్పించుకునే కుర్రాళ్లు బరంపురంలో ఎక్కువగా వెళ్లేది ఒక తెలుగు మేస్త్రీ షాపుకి. పని చాలావరకు బాగుంది. ఒక్కచోట మాత్రం ఆయన చెప్పినదానికి తలూపకండి.

ముందు మంచి చెప్పాలి. ఫ్రేము తీసుకెళ్లగానే ఆయన చూసేది వెనక యాక్సిల్ కూర్చునే గాడి. అది అడ్డంగా ఉంటేనే చక్రాన్ని వెనక్కి లాగి చైను బిగించడం కుదురుతుంది. నిలువు గాడి ఫ్రేము తెస్తే, బేరం పోయినా సరే, పని ఒప్పుకోడు. చైను వరస కూడా కళ్లతో చూసి వదిలేయడు. ఫ్రేము మధ్య నుంచి ముందు పళ్లచక్రానికి ఎంతుందో, వెనక పళ్లకీ అంతే ఉండాలి. ట్రాక్ హబ్బుకి, అంటే ట్రాక్ సైకిలు వెనక చక్రం నడిమి దిమ్మకి, అది 42 మిల్లీమీటర్లు. తేడా ఉంటే చైను కరకరలాడుతుంది, గట్టిగా తొక్కినప్పుడు పళ్ల మీద నుంచి దూకుతుంది.

చైను బిగింపు చూస్తే ఆయన పనితనం తెలుస్తుంది. క్రాంకుని (పెడలు బిగించే కడ్డీని) నెమ్మదిగా తిప్పుతూ చైను ఎక్కడ బిగుస్తోందో వేలితో పట్టుకుంటాడు. అక్కడ ఆపి, ముందు పళ్లచక్రం అయిదు బోల్టులూ కొద్దిగా వదులుచేసి, చైను మీద చెక్కతో చిన్న దెబ్బ వేసి మళ్లీ బిగిస్తాడు. రెండు మూడుసార్లు ఇలా చేస్తే చుట్టంతా ఒకే బిగువు వస్తుంది. చివరికి చైను మధ్యలో అర అంగుళం ఆడాలి. ఇరుసుకి ఇనుప చీలతో బిగించే పాతరకం కాటర్ పిన్ను క్రాంకుకి ఈ పని కుదరదు, దాని పళ్లచక్రం క్రాంకుకే అతికి ఉంటుంది. పైగా వెనక్కి అదిమిన ప్రతిసారీ పిన్ను అరిగి, క్రాంకు లొటలొటలాడుతుంది. క్రాంకు మార్చుకోమని ఆయనే చెబుతాడు, వినండి.

ఇక అసలు లోపం. ట్రాక్ హబ్బు చేతిలో లేనప్పుడు మామూలు ఫ్రీవీలు హబ్బుకే పళ్లచక్రం ఎక్కించి, అది ఊడకుండా పైన పెడళ్ల ఇరుసు కప్పుకి వాడే రింగు బిగించి ఇస్తున్నాడు. ఆ రింగుదీ పళ్లచక్రందీ ఒకే వైపు మర. వెనక్కి గట్టిగా అదిమితే రెండూ కలిసి ఊడొస్తాయి, కాళ్లకింద సైకిలు ఆగదు. నిజమైన ట్రాక్ హబ్బులో పళ్లచక్రాన్ని పట్టి ఉంచే లాక్ రింగుకి ఎడమ మర, అంటే ఎదురు దిక్కు మర ఉంటుంది. పళ్లచక్రం ఊడబోతే రింగు ఇంకా బిగుస్తుంది. జిగురు పూశాను, ఏం కాదు అంటే ఒప్పుకోకండి. హబ్బు తెప్పించేదాకా ఆగండి. రోడ్డు మీద తొక్కేవాళ్లు ముందు చక్రానికి బ్రేకు తప్పకుండా పెట్టించుకోండి. ట్రాక్ మీదికి వెళ్లేటప్పుడు విప్పేయవచ్చు.

రెండో లోపం, అడిగిన గేరు అడిగినట్టు వేసేయడం. సైకిలు పోటీల వీరుడు గ్రేమ్ ఒబ్రీ 52కి 12 (ముందు 52 పళ్లు, వెనక 12) వేశాడని విని పిల్లలు అదే కావాలంటారు. పెడలు ఒక చుట్టు తిరిగితే 9 మీటర్లు పోయే గేరది. మొదలుపెట్టేవాళ్లకి 48కి 18 చాలు, చుట్టుకి 5.6 మీటర్లు. కాళ్లు వేగంగా తిరగడం అలవాటయ్యాక 16 పళ్లకి మారవచ్చు.

ఒబ్రీ నుంచి నేర్చుకోవాల్సింది గేరు కాదు, ఒంటికి తగ్గ కొలత. ఈ స్కాట్లండ్ మనిషి తన సైకిలు తానే చేసుకున్నాడు, అందులో బట్టలుతికే మెషీను బేరింగులు వాడాడు. పెడళ్ల మధ్య ఎడం తగ్గించాడు, మోకాళ్లకి తగలకుండా పై గొట్టమే తీసేశాడు. 1993 జులై 16న నార్వేలోని హామర్‌లో, తన సైకిలు నమూనాగా వేరేవాళ్లు చేసిన దానితో గంట రికార్డుకి (ఒక గంటలో ఎంత దూరం తొక్కగలరన్న రికార్డుకి) ప్రయత్నించి ఓడిపోయాడు. మర్నాడు పొద్దున్నే తన పాత సైకిలెక్కి 51.596 కిలోమీటర్లు తొక్కాడు. 1984 నాటి ఇటలీ పోటీదారు మోజర్ రికార్డు కంటే 445 మీటర్లు ఎక్కువ. ఆరు రోజులకే ఇంగ్లండ్ పోటీదారు బోర్డ్‌మన్ ఆ రికార్డు లాగేసుకుంటే, 1994 ఏప్రిల్‌లో 52.713 కిలోమీటర్లతో మళ్లీ తెచ్చుకున్నాడు. 1993లోనూ 1995లోనూ, ట్రాక్ మీద ఇద్దరు ఎదురెదురు వైపుల నుంచి బయల్దేరే పర్స్యూట్ పోటీలో ప్రపంచ విజేత.

ఈ షాపులో లేనిది ఆ కొలతే. సీటు, హ్యాండిలు కంటి అంచనాతో పెట్టేస్తాడు. సీటెక్కి మడమ పెడలు మీద పెట్టి, అది అడుక్కి వచ్చినప్పుడు కాలు తిన్నగా సాగుతోందో లేదో అక్కడే చూసుకోండి. పాత రోడ్డు ఫ్రేముల్లో పెడళ్ల ఇరుసు కిందికి ఉంటుంది, క్రాంకు 165 మిల్లీమీటర్లదే అడగండి. తిప్పడం ఆపడానికి లేని సైకిలిది, మలుపులో ఒరిగితే లోపలి పెడలు నేలకి తగులుతుంది.

పని రెండు రోజులు, సామాను ఖర్చు వేరు. గోపాలపూర్ రోడ్డులో సాధన చేసేవాళ్లు ఉప్పుగాలికి చైను తుడిచి వారానికోసారి నూనె వేయాలి. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత లాక్ రింగు, 15 నంబరు పానాతో యాక్సిల్ నట్లు మళ్లీ బిగించాలి. షాపుకి తీసుకెళ్తే దానికి డబ్బులు తీసుకోడు, చక్రం పుల్లల బిగువు కూడా చూసి పంపిస్తాడు.