పుంగనూరు రోడ్డు టమాటా నారు నర్సరీ: ఎకరాకు నారు కొన్నాక నా మాట

నిరుడు వేరేచోట తెచ్చిన నారు నాటిన మూడు వారాలకే ఆకులు ముడుచుకుని, మొక్కలు గిడసబారిపోయాయి. ముడత వైరస్‌. దానికి మందు లేదు. ఎకరా మొత్తం దున్నేశాం. అందుకే ఈసారి రేటు అడిగేముందు నర్సరీ ఎలా ఉందో చూశాను.

మదనపల్లె దగ్గరున్న ఈ నర్సరీలోకి నేరుగా పోనివ్వరు. ఒక తలుపు మూశాకే రెండోది తీస్తారు. మధ్యలో బ్లీచింగ్ నీళ్ల తొట్టిలో కాళ్లు తడపాలి. "అక్కా, సబ్బుతో రుద్దండి" అని అక్కడి అమ్మాయి పక్కనే నిలబడి చేతులు కడిగించింది. మా ఆయన జేబులోని బీడీ కట్ట బయటే పెట్టించారు. ఆయన కాస్త నొచ్చుకున్నారు గానీ అది సరైన పనే. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ చేతుల ద్వారా టమాటాకు అంటుకుంటుంది.

చుట్టూ 40 మెష్ (అంగుళానికి 40 కన్నాలుండే) తెల్ల నెట్. పచ్చ షేడ్‌నెట్ ఉంటే చాలనుకుంటాం. అది ఎండనే ఆపుతుంది, ముడత వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమ అందులోంచి దూరిపోతుంది. నాలుగు ట్రేలు తట్టి, ఆకుల అడుగున చూశాను. నిరుడు తట్టగానే దోమలు బూడిద లేచినట్టు లేచాయి. ఇక్కడ ఒక్కటీ లేవలేదు. తలుపు దగ్గరి పసుపు జిగురు అట్టకు మాత్రం రెండు మూడు అంటుకుని ఉన్నాయి.

98 గుంతల ట్రేలు 72 తీసుకున్నాం. మొక్క రూపాయి పావలా. బయట ఎనభై పైసలకే దొరుకుతుంది కాబట్టి మూడు వేల చిల్లర ఎక్కువైంది.

నాకు బాగా నచ్చింది వేరే ఉంది. "మీ చుట్టుపక్కల కాపు అయిపోయిన పాత తోటలు పీకేశారా?" అని నర్సరీ అన్న అడిగారు. దోమా వైరసూ వాటిలోనే నిలబడతాయట. మా పక్క రైతులిద్దరితో తనే ఫోన్‌లో మాట్లాడారు. ఒకాయన రెండు రోజుల్లో పీకేశారు. ఇంకొకాయన నెలాఖరు దాకా వదిలేశారు. నాటి 45 రోజులైంది, ఎకరాలో ముప్పై మొక్కలకు ముడత వచ్చింది, దాదాపు అన్నీ ఆయన గట్టు వైపే. కనబడ్డవి కనబడ్డట్టే పీకి పూడ్చేశాం.

ఒక్క లోపం చెప్పాలి. రైతులు తిరిగిచ్చిన ఖాళీ ట్రేలు, మట్టీ ఎండుటాకులతో సహా, లోపలి తలుపు పక్కనే పేర్చి ఉన్నాయి. మన కాళ్లు కడిగించి, పది ఊళ్లు తిరిగొచ్చిన ట్రేలను వదిలేస్తే ఎట్లా? అన్నకు చెప్తే బయట నానబెట్టే తొట్టి కట్టిస్తామన్నారు. వచ్చే నెల కింది కయ్యకు నారు కోసం మళ్లీ వెళ్తున్నాను, కట్టారో లేదో చూసి రాస్తాను.