మన్యంలో మందుమొక్కల కోసం: మారేడుమిల్లి వైపా, పాడేరు వైపా?

మందుమొక్కలు చూద్దామని మన్యం బయల్దేరేవాళ్ళలో ఎక్కువమంది అరకు రైలెక్కుతారు. కొండలు, కాఫీ తోటలు, బొర్రా గుహలు అన్నీ ఒకే దారిలో ఉంటాయి కాబట్టి అది సహజమే. అయితే మొక్కల పనిమీదే వెళ్తున్నప్పుడు ముందుగా ఒకటి తేల్చుకోవాలి. మొక్కను అది పెరిగిన చోట గుర్తుపట్టడం నేర్చుకోవాలనా, లేక అది మందుగానూ, సంతలో సరుకుగానూ ఎలా మారుతుందో చూడాలనా? మొదటిదానికి మారేడుమిల్లి, రెండోదానికి పాడేరు. రెండూ కావాలంటే కనీసం ఐదు రోజులు పెట్టుకోండి. వారాంతంలో రెండూ చుట్టేద్దామనుకుంటే ఘాట్ రోడ్డు మలుపులు తప్ప ఏమీ గుర్తుండవు.

మారేడుమిల్లికి రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా సుమారు 85 కిలోమీటర్లు. ఊరిదాకా బస్సులున్నాయి. ఆ తర్వాత అడవి బాటలకు సొంత బండో, మాట్లాడుకున్న ఆటోనో ఉండాలి. వలమూరు వైపు అటవీ శాఖవాళ్ళ ఔషధ మొక్కల సంరక్షణ ప్రాంతం ఉంది. మొక్కలు వాటంతటవే పెరిగే అడవిని సంరక్షణకు కేటాయించిన చోటు అది, నేర్చుకునేవాళ్ళకు దాని విలువంతా అందులోనే ఉంది. తోటలో పొడపత్రి పందిరి మీద ఒంటరిగా ఉంటుంది కాబట్టి ఎవరైనా గుర్తుపడతారు. అడవిలో అదే తీగ నాలుగైదు రకాల తీగలతో పెనవేసుకుని పొద మీదికి ఎక్కి ఉంటుంది. ఎదురెదురుగా వచ్చే ఆకుల జంటలు, వాటిమీది సన్నని నూగు, తుంచితే కారే పాలు, ఇవన్నీ చూస్తే తప్ప తేలదు. ఇలాంటి చోట్ల పేరు పలకలు చెట్లకే ఎక్కువగా కనిపిస్తాయి. కాళ్ళ దగ్గరి చిన్న మొక్కల్ని తెలిసిన మనిషి చూపించాల్సిందే.

అందుకే గది కన్నా ముందు మనిషిని మాట్లాడుకోండి. ఊళ్ళోని కొండరెడ్డి, కోయ కుటుంబాల్లో అడవికి రోజూ వెళ్ళేవాళ్ళు, ముఖ్యంగా దుంపలూ పుట్టతేనే తెచ్చే పెద్దవయసువాళ్ళు, పుస్తకం చదివిన గైడు కన్నా చాలా నయం. కొండరెడ్ల ఇంటి భాష తెలుగే. ఆకు ఎప్పుడు కోయాలి, ఎంత దంచాలి, ఏది కలిపితే చెడిపోతుంది వంటి వివరాలు మధ్యలో మరొకరు లేకుండా నేరుగా అందుతాయి. మారేడుమిల్లిని ముందు పెట్టడానికి నా మటుకు ఇదే పెద్ద కారణం. ఉదయం ఆరున్నరకు బయల్దేరి పదిన్నరకల్లా తిరిగి రావాలి. మొక్కలు చూస్తూ నడిస్తే కిలోమీటరుకు రెండు గంటలు పడుతుంది, అంతకన్నా వేగంగా నడిపించే గైడుకు మొక్కలు తెలియవనే అనుకోవచ్చు. ఐదుగురికి మించితే వెనకున్నవాళ్ళకు ఏమీ వినబడదు.

బసకు ఊళ్ళో అటవీ శాఖవాళ్ళ వనవిహారి ఉంది, వలమూరు వాగు పక్కన జంగిల్ స్టార్ ఉంది. తెల్లవారుతూనే నడకకు వెళ్ళాలంటే వాగు పక్కన ఉండడం మేలు. పిల్లలూ పెద్దలూ ఉంటే ఊళ్ళోనే మంచిది, మందుల షాపు, ఆస్పత్రి దగ్గరగా ఉంటాయి. శని, ఆదివారాల్లో బొంగు చికెన్ కోసం వచ్చే కార్లతో రోడ్డు నిండిపోతుంది. తీరిగ్గా మాట్లాడగల మనుషులంతా ఆ రెండు రోజులూ పొయ్యిల దగ్గరే ఉంటారు. సోమవారం నుంచి గురువారం లోపల వెళ్ళండి.

ఇక అరకు, పాడేరు. విశాఖ నుంచి కిరండూల్ రైల్లో అరకు వరకు ప్రయాణం హాయిగా ఉంటుంది, కానీ అరకు ఊరు మందుమొక్కలకు సరైన మజిలీ కాదు. చుట్టూ ఉన్నవి ఎక్కువగా సిల్వర్ ఓక్ నీడలో పెరిగే కాఫీ తోటలు. తోట శుభ్రం చేసేటప్పుడు చిన్న మొక్కలన్నీ కలుపుగా పోతాయి. గిరిజన మ్యూజియంలో ఇళ్ళు, పనిముట్లు, నగలు, పండగలు బాగా చూపిస్తారు. వైద్యం తెలుసుకోవడానికి మాత్రం అది చాలదు. పద్మాపురం తోట అందమైనదే, అయితే 1942లో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైన తోట అది, మన పనికి అక్కడ సగం పూట ఖర్చు చేయనక్కర్లేదు. అరకు దారిలో ఆగాలనుంటే టైడాలో ఆగండి. పర్యాటక సంస్థవారి జంగిల్ బెల్స్ విడిది చుట్టూ చెట్లు, తీగలు, పొదలు కలిసిన అడవి మిగిలే ఉంది.

పాడేరు అరకు నుంచి రోడ్డు మీద సుమారు 45 కిలోమీటర్లు. 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం. లాడ్జీలు మామూలుగానే ఉంటాయి, వేడినీళ్ళూ దోమతెరా ఉన్నాయో లేదో గది చూశాకే డబ్బు కట్టండి. ఇక్కడికి రావాల్సింది సంత కోసం. ఒక్కో ఊరి సంత వారంలో ఒక్కో రోజు జరుగుతుంది, ముందురోజు బస్టాండులో అడిగితే చెబుతారు. ఎనిమిది నుంచి పదకొండు మధ్య వెళ్ళాలి. మధ్యాహ్నానికి సరుకంతా వర్తకుల బస్తాల్లోకి చేరిపోతుంది, ఏది ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్పేవాళ్ళు అప్పటికి ఉండరు. కరక్కాయ, చిల్లగింజలు, సీకాయ, నరమామిడి చెక్క, పిప్పలి మోడి, పసుపు, మిరియాలు ఇక్కడి సరుకు. పిప్పలిని ఈ కొండల్లో ప్రధానంగా వేరు కోసమే పెంచుతారు, ఆ వేరే మోడి. మంచి మోడి విరిస్తే టక్కున విరగాలి, నాలిక మీద పెట్టుకుంటే ఘాటు నిమిషంలో ఎక్కాలి. వంగిందంటే తడి మిగిలి ఉన్నట్టు, ఇంటికెళ్ళేసరికి బూజు పడుతుంది.

పాడేరు వైపు ఒక చిక్కుంది. లోపలి ఊళ్ళలో ఆదివాసీ ఒడియా, కువి మాట్లాడేవాళ్ళు ఎక్కువ. మందులిచ్చే దిసారితో మాట్లాడాలంటే ఆ భాషా తెలుగూ రెండూ వచ్చిన మనిషిని వెంట తీసుకెళ్ళాలి. దిసారి మొక్కలతో పాటు మంచి ఘడియా, రోగి ఇంటి పరిస్థితీ కలిపి చూస్తాడు. వాటిని పక్కన పెట్టి ఆకు పేరు మాత్రం రాసుకుంటే సగం వైద్యం వదిలేసినట్టే. అతడు చెప్పనన్నది మళ్ళీ అడగొద్దు.

చూడదగ్గ పనుల్లో నరమామిడి కట్టు ముఖ్యమైనది. పచ్చి చెక్క పైబెరడు గీకేసి లోపలి పొరను ముక్కలు చేసి, కొంచెం కొంచెంగా నీళ్ళు చిలకరిస్తూ రోట్లో దంచుతారు. కాసేపటికి అది జిగురుగా సాగుతుంది. బెణికిన చోట వేలి మందాన పట్టించి, గుడ్డ చుట్టి, పైన వెదురు బద్దలు కడతారు. ఆరేకొద్దీ అది బిగుసుకుని కీలు కదలకుండా పట్టి ఉంచుతుంది. చెడిపోయేది కూడా అక్కడే. వాపు పూర్తిగా రాకముందే బిగించి కడితే లోపల వాపు పెరిగి రక్తం ఆడదు. వేళ్ళు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఆ క్షణమే కట్టు విప్పాలి. ఎముక విరిగిందన్న అనుమానం ఉంటే ముందు ఎక్స్‌రే తీయించాలి. ఎముక జరిగిన చోట కట్టుకడితే జరిగినట్టే అతుక్కుంటుంది. ఇదే చెక్కను అగరుబత్తీల జిగురు కోసం కూడా కొంటారు కాబట్టి చెట్లమీద ఒత్తిడి ఎక్కువ. ఒక పక్క నుంచి నిలువుగా పట్టీ తీస్తే చెట్టు కోలుకుంటుంది, చుట్టూ వలయంగా ఒలిస్తే చస్తుంది. నడకలో చచ్చిన చెట్ల మోడులు కనబడితే వాటి బెరడు ఎలా ఒలిచారో గమనించండి.

జ్వరానికి ఇచ్చే చేదు మందుల్లో తిప్పతీగ, నేలవేము రెండూ అంతటా ఉన్నాయి. తిప్పతీగ బొటనవేలి మందం ముదిరిన కాడ కావాలి. పైన కాగితంలాంటి పొర లేస్తుంది, దాని కింద పచ్చగా ఉంటుంది, అడ్డంగా కోస్తే బండిచక్రం పుల్లల్లా గీతలు కనిపిస్తాయి. కాడ నిండా గట్టి బుడిపెలున్న తీగ దీని దగ్గరి బంధువు. ఆకు ఒకలాగే ఉంటుంది కాబట్టి ఆకును బట్టి కోసేవాళ్ళు పొరపడతారు. ఆ బుడిపెల తీగ కాలేయాన్ని దెబ్బతీసిన సందర్భాలున్నాయి. కషాయంలో గట్టి వేరుకూ కట్టెకూ పదహారింతల నీళ్ళు, మెత్తని ఆకుకు నాలుగింతలు పోసి నాలుగో వంతు మిగిలేదాకా సన్నని సెగ మీద మరిగించడం పాత పద్ధతి. కొండల్లో గుప్పెడు, బెత్తెడు అనే కొలుస్తారు. ఆ గుప్పెడు ఎండినదా పచ్చిదా అని అడక్కుండా రాసుకున్న లెక్క ఎందుకూ పనికిరాదు. కరక్కాయ వంటి వగరు సరుకును ఇనప గిన్నెలో కాస్తే నల్లబడుతుంది, అందుకే మట్టికుండ వాడతారు.

ఇంట్లో చేసుకోదగినది నన్నారి (సుగంధిపాల) పానకం. వేరును పుల్లలా విరిచి వాసన చూడండి. వెనిల్లాను తలపించే తీపి వాసన రావాలి, మట్టి వాసనో ముక్కిపోయిన వాసనో వస్తే వదిలేయండి. 100 గ్రాముల ఎండువేరు కడిగి, కచ్చాపచ్చాగా దంచి, మధ్యలోని కట్టె ఈనెలు తీసేయాలి. వాసనంతా బెరడులోనే ఉంటుంది. లీటరు నీళ్ళు మరిగించి, దించి, అందులో వేసి మూతపెట్టి రాత్రంతా ఉంచండి. పొయ్యిమీదే గంటసేపు కాస్తే ఆ వాసన ఆవిరితో పోతుంది, మిగిలేది ఎర్రనీళ్ళే. ఉదయం వడగట్టి కిలో పంచదార కరిగించి ఒక్క పొంగు రానిస్తే చాలు. పంచదార తగ్గిస్తే నాలుగు రోజుల్లో నురగ కట్టి పులుస్తుంది.

చిల్లగింజల వాడకం కూడా అడిగి చూడండి. గింజను కుండ లోపలి గరుకు గోడకేసి కొద్దిగా నీళ్ళతో అరగదీసి, బురదనీళ్ళు పోసి కలిపి వదిలేస్తే కొన్ని గంటల్లో మట్టి అడుక్కు దిగుతుంది. నీళ్ళు తేటపడతాయి గానీ క్రిములు చావవు, కాచి తాగాల్సిందే. పొడపత్రి ఆకు విషయం అంతకన్నా సులువు. గైడు ఖాయం చేసిన ఆకొకటి నిమిషం నమిలి పంచదార వేసుకుంటే ఇసుక తిన్నట్టుంటుంది, ఆ తీపి తెలియకపోవడం అరగంటకు పైగా ఉండొచ్చు. మధుమేహం మాత్రలు వేసుకునేవాళ్ళు దీన్ని మందుగా మొదలుపెట్టకూడదు, చక్కెర మరీ పడిపోతుంది.

ముట్టుకోకూడనివీ తెలియాలి. నల్లజీడి రసం తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది, నల్లని మచ్చ చాలాకాలం ఉంటుంది. వానాకాలంలో ఎర్రగా పసుపుగా నిప్పురవ్వల్లా పూసే అడవినాభి దుంప ప్రాణాలు తీస్తుంది, తినే దుంపలనుకుని తవ్వినవాళ్ళు పోయారు. ముషిణి గింజలు, గురివింద గింజలు పిల్లల చేతికి ఇవ్వొద్దు. ఈశ్వరి వేరును పాముకాటుకని ఇస్తారు. అందులోని పదార్థం మూత్రపిండాలను పాడుచేస్తుంది, క్యాన్సర్‌కు కారణమవుతుంది, పాము విషాన్ని మాత్రం విరచదు. కాటు పడితే కోయకుండా, గట్టిగా కట్టకుండా, ఆ అవయవం కదలకుండా పట్టి విషానికి విరుగుడు ఇంజక్షన్ ఉన్న ఆస్పత్రికి చేర్చాలి. బస చేసిన చోటి నుంచి ఆ ఆస్పత్రికి ఎంతసేపు పడుతుందో గదిలో దిగిన రోజే అడిగి పెట్టుకోండి.

రిజర్వు అడవిలో మొక్క పీకడం నేరం. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కును అడవిలో బతికేవాళ్ళకిచ్చింది, జీవవైవిధ్యానికి సంబంధించిన వాళ్ళ సంప్రదాయ విజ్ఞానం మీద కూడా సమాజానికి హక్కునిచ్చింది. కాబట్టి ఫోటోకైనా, రికార్డింగుకైనా ముందు అడగాలి. మందు తయారీ పూర్తి వివరం వీడియోగా పెట్టడం అడిగినా సరికాదనే నా అభిప్రాయం. గైడుకు ఒక రోజు కూలి పోతుందని గుర్తుంచుకుని అంతకు తగ్గకుండా, బయల్దేరకముందే మాట్లాడుకుని ఇవ్వండి. దిసారి డబ్బు తీసుకోకపోవచ్చు, ఏమివ్వాలో ఊరి పెద్దను అడిగితే చెబుతారు. కొనాల్సినవి సంతలోనో, 1956 నుంచి నడుస్తున్న గిరిజన సహకార సంస్థ దుకాణాల్లోనో కొనండి. తేనె సీసాలో పైన నురగ, మూత తీయగానే బుస్సుమన్న శబ్దం ఉంటే తేమ ఎక్కువై పులిసినట్టు. ఏడాదిలోపు పిల్లలకు ఏ తేనే నాకించొద్దు.

కాలం సంగతి కొస్తే సెప్టెంబరు చివరి నుంచి నవంబరు మొదటి వారాల వరకు అన్నిటికన్నా మంచిది. చిన్న మొక్కలు ఇంకా పూత మీద ఉంటాయి, వాగులు దాటగలిగేంతగా తగ్గుతాయి. జూలై, ఆగస్టుల్లో పచ్చదనం ఎక్కువే, కానీ జలగలు, ఘాట్‌లో విరిగిపడే చరియలు ప్రణాళికను పాడుచేస్తాయి. డిసెంబరు, జనవరిలో అరకు, లంబసింగి వైపు గది దొరకదు, దొరికినా ధర ఎక్కువ. వేర్లు తవ్వే పని చూడాలంటే మాత్రం ఆ చలికాలమే సరైనది. గింజలు నేలరాలాక తవ్వితేనే మళ్ళీ ఏడాదికి మొలకలుంటాయని తెలిసినవాళ్ళు అప్పటిదాకా ఆగుతారు.

ఈ కొండల్లో మలేరియా ఉంది. నిండు చేతుల చొక్కా, దోమతెర, పూసుకునే మందు తప్పనిసరి. తిరిగొచ్చిన కొన్ని వారాల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా నేలవేము కషాయంతో సరిపెట్టకుండా అదే రోజు రక్త పరీక్ష చేయించుకుని, ఏజెన్సీకి వెళ్ళొచ్చామని డాక్టరుకు చెప్పండి.