సెకండ్ హ్యాండ్‌లో 100 సీసీ బండి చూస్తున్నారా? మీటర్‌ని నమ్మి నాలా ఇరుక్కోకండి

ఉప్పల్ నుంచి మాదాపూర్ ఆఫీసుకి రానుపోను రోజూ యాభై కిలోమీటర్లు. పెట్రోలు రూ.107 దగ్గరుంటే మైలేజీ తప్ప ఇంకేం కనిపిస్తుంది? ఒక ఆటో కన్సల్టెన్సీలో (పాత బండ్లు అమ్మిపెట్టే చోటు) 2019 మోడల్ బండి రూ.46,000కి తీసుకున్నాను. సింగిల్ ఓనర్, షోరూం కండిషన్ అన్నారు. మీటర్ మీద 21,400 ఉంది. బండి తళతళలాడుతోంది కూడా (ఆ మెరుపంతా పాలిష్‌దే అని తర్వాత తెలిసింది).

వారం తిరక్కముందే సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలైంది. ఫుల్ ట్యాంక్ కొట్టించి లెక్క చూస్తే లీటరుకి 43! ఈ రకం బండ్లు మామూలుగా అరవైకి అటూఇటూగా ఇస్తాయి.

మెకానిక్ చూసి నవ్వాడు. "అన్నా, ఇది ఇరవై వేలు తిరిగిన బండా? బ్రేక్ పెడల్ చూడు, అరిగి అద్దమైంది. ఫుట్‌రెస్ట్ రబ్బర్లు మాత్రం కొత్తవి ఏసిన్రు" అన్నాడు. ముల్లు మీటర్‌ని మార్చేయడం పెద్ద పనేం కాదట. డిజిటల్ మీటర్‌ని కూడా సాఫ్ట్‌వేర్‌తో తగ్గించేస్తారట. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి ఛాసిస్ నంబర్ చెబితే పాత సర్వీస్ రికార్డు చూశారు. 2022లో చివరి సర్వీస్ నాటికే 58,000! రీబోర్ (అరిగిన సిలిండర్‌ని లోపల మళ్లీ సాపు చేయడం), పిస్టన్ కిట్, చెయిన్ స్ప్రాకెట్ కలిపి రూ.8,200 వదిలింది. కొనే ముందు పావుగంట అక్కడికి వెళ్లుంటే సరిపోయేది.

ఇంజిన్ సంగతి డబ్బుతో తీరింది. అసలు టెన్షన్ కాగితాలది. ఆర్‌సీ మీద లోన్ ఇచ్చిన ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉంది. "లోన్ ఎప్పుడో కట్టేశారు, ఎన్‌ఓసీ (బాకీ లేదని ఫైనాన్స్ వాళ్లిచ్చే కాగితం) వారంలో వస్తుంది" అని కన్సల్టెన్సీ వాళ్లన్న మాట నమ్మి డబ్బంతా ఇచ్చేశాను. లోన్ తీరినా సరే, ఫైనాన్స్ వాళ్లు ఎన్‌ఓసీతో పాటు సంతకం పెట్టిన ఫారం 35 (లోన్ ఒప్పందం ముగిసిందని తెలిపేది) ఇచ్చి, అది ఆర్టీఏ ఆఫీసులో ఎక్కితేనే ఆర్‌సీ మీద ఆ పేరు పోతుంది. అది పోకుండా, ఓనర్ మారడానికి ఇచ్చే ఫారం 29, 30 మీద ఓనర్ సంతకాలు ఎన్ని ఉన్నా బండి నా పేరు మీదకి మామూలుగా మారదు. పైగా ఇన్సూరెన్స్ ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంది. రేపు ఎవరికైనా తగిలితే ఆ గొడవలోకి పాపం అతన్నీ లాగుతారు.

ఫైనాన్స్ ఉందో లేదో డబ్బులిచ్చే ముందే ఆర్‌సీ మీద చూసుకోండి. చలాన్లు కూడా చూసుకోండి, నా బండి మీద హెల్మెట్ లేనివే నాలుగున్నాయి. బండి చూడ్డానికి పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. నేను వెళ్లేసరికి వాళ్లు ముందే స్టార్ట్ చేసి వేడిగా ఉంచారు, అందుకే పొగ బయటపడలేదు. ఫారం 35 చేతికి వచ్చేదాకా కనీసం పదివేలైనా ఆపుకోండి.

మూడు నెలలైంది. కన్సల్టెన్సీ వాళ్లు ఇప్పటికీ "వచ్చే సోమవారం" అనే అంటున్నారు.